రాయైన చెట్టును ఇంట్లో పెట్టుకునే ముందు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హాల్లో సోఫా పక్కన పెట్టడానికి పెట్రిఫైడ్ వుడ్ (రాయిగా మారిన కలప) స్టూల్ ఒకటి, పుస్తకాల అరకి ఒక జత బుక్ ఎండ్స్, గోడకి ఒక గుండ్రటి పలక కొనాలనుకుంటున్నారు. స్టూళ్ళలో రెండు నచ్చాయి. ఒకటి నలుపూ తెలుపూ కలిసినది, అద్దంలా మెరుస్తోంది, ఎక్కడా సన్న గీత కూడా లేదు. రెండోది గోధుమరంగుది, పక్కలంతా బెరడు గరుకుగా అలాగే ఉంది, పైముఖం మీద ఒక పగులు కనిపిస్తోంది. ధర రెండింటికీ దాదాపు ఒకటే. ఏది తీసుకోవాలి, అసలివి నిజమైనవేనా, రంగు వెలిసిపోతుందా, ఎలా చూసుకోవాలి అని మీ ప్రశ్న.

రాళ్ళు కోసి పాలిష్ పట్టే పనిలో నాకు 20 ఏళ్ళు దాటాయి. ఈ రాతి కలప నా చేతుల మీదుగా చాలానే వెళ్ళింది. కొన్ని ముక్కల్ని నేనే పాడుచేశాను కూడా, వాటి సంగతీ చెబుతాను. ఏ స్టూల్ అన్నది చివర్లో చెప్తాను. ఎందుకంటే ఆ జవాబు రంగులోనో మెరుపులోనో లేదు, పగుళ్ళలో ఉంది. అది అర్థం కావాలంటే ముందు ఇంకొన్ని విషయాలు తెలియాలి.

అన్నిటికన్నా ముందు బరువు. మీరు రాసినదాంట్లో దాని ఊసే లేదు. కంటికి కలపలా కనిపిస్తుంది కాబట్టి మనసులో కలప బరువే ఊహించుకుంటాం. 40 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి మొద్దు తీసుకోండి. దాని ఘనపరిమాణం సుమారు 56 లీటర్లు. ఈ రాయి ఒక లీటరుకి దాదాపు 2.6 కిలోలు తూగుతుంది. అంటే ఆ చిన్న స్టూల్ దగ్గర దగ్గర 147 కిలోలు! అదే సైజు మామూలు కలప మొద్దయితే అందులో నాలుగో వంతు ఉంటుందేమో. సోఫా పక్కన ఈరోజు ఒకచోట, రేపు ఇంకోచోట జరుపుకుందాం అనుకునే వస్తువు కాదిది. ఒకసారి దించారంటే ఇల్లు మారేదాకా అదే దాని చోటు.

నా మొదటి పెద్ద స్టూల్‌ని ఇద్దరం కలిసి అంచు మీద దొర్లించుకుంటూ తెచ్చాం. గ్యాస్ సిలిండర్‌ని దొర్లిస్తారు చూడండి, అలా. గుమ్మం దాటేసరికి అంచు నుంచి అరచేయంత పెచ్చు ఊడింది, నేల మీద రెండు టైల్స్ పగిలాయి. టైల్ కింద సిమెంటు సరిగ్గా నిండకుండా బోలుగా ఉన్నచోట ఇంత బరువు అంచు మీద నిలిస్తే పగలక ఏం చేస్తుంది! కాబట్టి పెట్టబోయే చోట టైల్స్‌ని ముందుగా వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్లగా మోగితే చోటు మార్చండి. మోయడానికి చక్రాల బండి, మందపాటి దుప్పటి, నలుగురు మనుషులు ఉండాలి. కాంక్రీటు శ్లాబుకి ఒక్క స్టూల్‌తో మామూలుగా ఇబ్బంది ఉండదు. చెక్క నేల అయితే మాత్రం కింద దూలాలు ఎటు వెళ్తున్నాయో తెలిసినవాళ్ళతో చూపించుకోండి. అడుగున కుర్చీ కాళ్ళకి వేసే పల్చటి ఫెల్ట్ ముక్కలు వేస్తే వారంలో అప్పడంలా అణిగిపోతాయి. మందపాటి కార్క్ బిళ్ళలు మంచివి. నల్ల రబ్బరు వద్దు, లేత రంగు చలువరాయి మీద అది వదిలే మరక మళ్ళీ పోదు.

ఇక అసలు ఇదేమిటి? చెట్టు కూలి, కుళ్ళిపోయేలోపే బురదలోనో ఇసుకలోనో అగ్నిపర్వతపు బూడిదలోనో కప్పబడిపోతుంది. లోపలికి గాలి అందదు కాబట్టి కుళ్ళడం బాగా నెమ్మదిస్తుంది. ఎక్కువగా ఆ బూడిద నుంచి భూగర్భజలంలోకి సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కరుగుతుంది, ఆ నీరు కలపలోకి ఊరుతుంది. కలప కణాల గోడలకి సిలికా పట్టి, ఖాళీలు నిండి, మెల్లగా గోడల స్థానంలోకి కూడా అదే చేరుతుంది. చివరికి మిగిలేది చెట్టు ఆకారంలో ఉన్న పలుగురాయి అన్నమాట. అణువుకు అణువు మారిపోతుందని చాలాచోట్ల రాస్తారు గానీ, నిజానికి ముందు జరిగేది నింపుడు. మారడం ఆ తర్వాత సంగతి, అదీ ఒక్కో ముక్కలో ఒక్కోలా ఉంటుంది. ఒకే దుంగలో ఒకచోట కణాలు భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తాయి, జానెడు పక్కన అంతా అగేట్‌గా, అంటే సన్నటి సిలికా రాయిగా మారి చెట్టు ఆనవాలే ఉండదు.

దీనికి లక్షల ఏళ్ళు పట్టి తీరాలన్నది కూడా పూర్తిగా నిజం కాదు. జపాన్‌లోని తతెయామా దగ్గర సిలికా నిండిన వేడినీటి బుగ్గలో వేసిన కలప ముక్కల్లోకి 7 ఏళ్ళలోనే బోలెడంత సిలికా చేరినట్టు పరిశోధకులు చూశారు. అయితే మీ హాల్లోకి వచ్చే స్టూల్ అలాంటిది కాదు, దాని వయసు లక్షల, కోట్ల ఏళ్ళలోనే ఉంటుంది.

పలుగురాయి అని తెలిశాక సగం ప్రశ్నలకి జవాబులు వాటంతట అవే వస్తాయి. కాఠిన్యం మోస్ స్కేలు (గీత పడకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) మీద 7 దాకా ఉంటుంది. గాజు 5.5 దగ్గర ఉంటుంది, మామూలు చాకు ఉక్కు కూడా ఇంచుమించు అంతే. అందుకే తాళంచెవులు పడేసినా గీత పడదు. కానీ గట్టిదంటే పగలదని కాదు. చెకుముకి రాయిని కొడితే ఎలా పెచ్చులు లేస్తుందో ఇదీ అంతే, ఆ పెచ్చు అంచు గాజుపెంకులా కోస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే పైఅంచు కాస్త గుండ్రంగా అరగదీసిన ముక్కనే ఎంచుకోండి. పదును అంచు అందంగా ఉంటుంది నిజమే, పిల్లవాడి నుదురు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది మరి.

రంగు వెలిసిపోతుందా అని అడిగారు. సహజమైన రంగైతే పోదు. ఎరుపు, పసుపు, గోధుమ రంగులు ఇనుము వల్ల వచ్చినవి, ఒకరకంగా అది తుప్పే. తుప్పు ఎండకి ఏం వెలుస్తుంది? నలుపు మాంగనీసు వల్లనో మిగిలిపోయిన కర్బనం వల్లనో వస్తుంది. ఆకుపచ్చ అరుదు. అరిజోనా ముక్కల్లో అది క్రోమియం వల్ల వస్తుంది. తెలుపూ బూడిదరంగూ దాదాపు శుద్ధమైన సిలికా. ఇవి తప్ప నెమలికంఠం నీలమో, మెరిసే గులాబీయో ముక్క అంతటా ఒకే తీరుగా కనిపిస్తే అది అద్దకం అని అనుమానించండి. అడుగుభాగాన్ని అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దితే చాలాసార్లు దూదికి రంగంటుతుంది. అద్దిన రంగు చాలావరకు ఎండకి వెలుస్తుంది.

ఈ ముక్కలు ఎక్కడినుంచి వస్తాయో కొంచెం తెలిస్తే చూపు మారుతుంది. ఫర్నిచర్ సైజులో ఉన్న స్టూళ్ళు, టేబుళ్ళు చాలావరకు ఇండోనేషియావి. జావా, సుమత్రా దీవుల్లో అగ్నిపర్వతపు బూడిద కింద దొరికే దుంగలు, వయసు రెండు కోట్ల ఏళ్ళు లేదా అంతకన్నా తక్కువ. ఇక్కడ ఒక చిక్కుంది. చాలామంది చెట్టు అడ్డకోతలో ఉండే ఏటేటి పెరుగుదల వలయాలు స్పష్టంగా కనిపించకపోతే నకిలీ అనుకుంటారు. అవి ఉష్ణమండల వానల అడవుల్లో పెరిగిన చెట్లు. చలికాలం, ఎండకాలం తేడా లేకుండా ఏడాది పొడుగునా పెరిగే చెట్టుకి వలయాలు సరిగ్గా ఏర్పడవు. కాబట్టి ఇండోనేషియా ముక్కలో వలయాలు మసకగా ఉంటే అది దోషం కాదు.

మడగాస్కర్ నుంచి ఎక్కువగా పాలిష్ పట్టిన గుండ్రటి పలకలు, బుక్ ఎండ్స్ వస్తాయి. అవి డైనోసార్ల తొలినాళ్ళ నాటి, పైన్ లాంటి శంఖాకార వృక్షాలు, 20 కోట్ల ఏళ్ళు దాటినవి. ఎరుపు, గోధుమ, కాస్త గులాబీ కలిసి ఉంటాయి. మీ గోడ పలకా బుక్ ఎండ్సూ బహుశా ఇవే అయివుంటాయి. అరిజోనావి కూడా ఇంచుమించు అదే కాలానివి. అన్ని రంగులూ కలిసి ఇంద్రధనుస్సులా ఉండేవి అవే. అక్కడ దుంగలు రంపంతో కోసినట్టు ముక్కలు ముక్కలుగా పడి ఉంటాయి. ఎవరూ కోయలేదు. రాయైన తర్వాత కింద నేల కదిలినప్పుడు, వంగడం చేతకాని పలుగురాయి అడ్డంగా పుటుక్కున విరిగింది, అంతే.

నాకు వ్యక్తిగతంగా తాటిజాతి శిలాజాలంటే ఇష్టం. తాటి, కొబ్బరి కుటుంబపు చెట్లకి వలయాలే ఉండవు. అడ్డంగా కోస్తే ముఖమంతా చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నిలువుగా కోస్తే అవే గీతలవుతాయి. టెక్సాస్ రాష్ట్రం దాన్ని తన అధికారిక శిలగా పెట్టుకుంది. బుక్ ఎండ్స్‌కి అలాంటిది దొరికితే వదలకండి.

ఇప్పుడు పగుళ్ళ దగ్గరికి వద్దాం. పాతిపెట్టిన దుంగ కోట్ల ఏళ్ళ పాటు ఒత్తిడికి నలిగి, నేల కదిలి, పైకి తేలి, ఎండకీ వానకీ ఉంటుంది. పగులు లేని పెద్ద దుంగ ఉండటం అంటే దాదాపు జరగని పని. పాలిష్ చేసేవాళ్ళ ముందు మూడు దారులుంటాయి. పగుళ్ళు తక్కువున్న ముక్కని ఏరుకోవడం, ఉన్న పగుళ్ళని అలాగే వదిలేయడం, లేదా ఎపాక్సీనో పాలిస్టర్ రెసిన్‌నో (ఆరితే గట్టిపడే జిగురు) నింపి మీద పాలిష్ పట్టడం. మూడోది మోసం కాదు. గ్రానైట్, చలువరాయి పలకలకీ ఇది మామూలుగా చేసేదే, పెద్ద టేబుల్ పలకని రెసిన్ లేకుండా కోస్తే చేతిలోనే నాలుగు ముక్కలవుతుంది. మోసం ఎప్పుడంటే, ఎంత నింపారో చెప్పకుండా దాచినప్పుడు. రాతి పొడిని రెసిన్‌లో కలిపి, నల్లరంగు వేసి, అరచేతి వెడల్పు గుంటలు కూడా పూడ్చేసిన ముక్కలు చూశాను. పైనుంచి చూస్తే అద్దమే.

నా రెండో తప్పు ఇక్కడే జరిగింది. కొత్తలో 60 సెంటీమీటర్ల పలక ఒకటి కొని కిటికీ పక్కన పెట్టాను. మూడేళ్ళకి రాయి రాయిలాగే ఉంది గానీ దాని మీద పసుపచ్చటి నరాలు తేలాయి. కొన్నప్పుడు నీళ్ళలా ఉన్న రెసిన్ అది, ఎండకి పచ్చబడింది. రాయి ముడుచుకోదు, రెసిన్ కొంచెం కుంగుతుంది. వెలుతురు పక్కనుంచి పడితే నింపినచోటల్లా సన్నటి కాలవలా కనిపించసాగింది. అమ్మినవాళ్ళని అడిగితే అది ప్రకృతి సహజం అన్నారు. రాయిలోది సహజమే, డబ్బాలోది కాదుగా!

రెసిన్ ఎంతుందో చూడటం కష్టమేం కాదు. గదిలో లైట్లు తీసేసి, టార్చిని ముఖానికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి వెలిగించండి. రాయి ఉన్నచోటా రెసిన్ ఉన్నచోటా మెరుపు ఒకేలా ఉండదు, నింపిన చోట కొద్దిగా మొద్దుబారి, అంచున సన్నటి మెట్టు కనిపిస్తుంది. చెంపకి ఆనించి చూడండి, రాయి చల్లగా తగులుతుంది, రెసిన్ అంత చల్లగా ఉండదు. అల్ట్రావయొలెట్ టార్చి ఉంటే ఇంకా మంచిది, చాలా రకాల రెసిన్లు ఆ వెలుతురులో పాలనీలంగా మెరుస్తాయి. ఒక జాగ్రత్త, కొన్ని అగేట్, ఓపల్ భాగాలు కూడా వాటంతట అవే ఆకుపచ్చగా వెలుగుతాయి. కంగారు పడకండి. వెలుగు పగులు దారిలోనే గీతగా పాకుతుంటే రెసిన్, కలప పొరల్ని బట్టి మెత్తగా పరుచుకుంటే రాయి సొంతం.

ముఖ్యంగా తలకిందులు చేసి చూడాలి. 147 కిలోల వస్తువుని ఎవరు తిప్పుతారు అంటారేమో, నిజమే. కనీసం అడుగుభాగం ఫొటో పంపమనండి. పైముఖానికి పాలిష్ చేసేవాళ్ళు అడుగున శ్రమ పడరు. అసలు పగుళ్ళు ఎన్ని, ఎంత లోతు అన్నది అక్కడ దాపరికం లేకుండా ఉంటుంది. పైన నిఖార్సుగా ఉండి, అడుగున అంగుళం వెడల్పు నల్లటి ముద్ద కనిపిస్తే మీరు కొంటున్నదాంట్లో ఎంత రాయో ఎంత జిగురో లెక్క వేసుకోండి. చిన్న ముక్కల విషయంలో తూకమే సాక్ష్యం. నీళ్ళలో ముంచి ఎంత నీరు పైకి లేచిందో కొలిచి, బరువుని దాంతో భాగించండి. లీటరుకి రెండున్నర కిలోల చుట్టుపక్కల రావాలి. రెసిన్ లీటరుకి 1.1, 1.2 కిలోలే తూగుతుంది కాబట్టి ఎక్కువ నింపితే లెక్క బాగా పడిపోతుంది.

పూర్తి నకిలీలు పెద్ద స్టూళ్ళలో తక్కువ. కోస్టర్లు, చిన్న పలకలు, టైల్స్‌లో ఎక్కువ. ముద్రించిన సిరామిక్ అయితే భూతద్దంలో ప్రింటు చుక్కలు కనిపిస్తాయి. పోత పోసిన రెసిన్ అయితే తేలికగా ఉంటుంది, లోపల గాలి బుడగలుంటాయి. అన్నిటికన్నా నమ్మకమైనది, పైముఖం మీద ఉన్న గీత పక్కకి దిగి, అడుగుకి చేరుతోందా అని చూడటం. చెట్టు నిలువుగా పెరిగింది కాబట్టి పైన వలయంగా ఉన్నది పక్కన నిలువు చారగా మారాలి. పైన బొమ్మ, పక్కన ఖాళీ అయితే అది చెట్టు కాదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే శంఖాకార వృక్షాల్లో కణాలు వరసగా పేర్చిన ఇటుకల్లా, మిగతా పెద్ద చెట్లలో సన్నటి రంధ్రాలు అక్కడక్కడా చల్లినట్టు ఉంటాయి. ఒకసారి ఆ వరసలు చూశారంటే ఇక పరీక్షలెందుకు, మీకే తెలిసిపోతుంది. చాకు మొనతో అడుగున గీయవచ్చు, రాతి మీద గీత పడకపోగా చాకు లోహమే బూడిదరంగు చారగా అంటుకుంటుంది. మెత్తగా గీసుకుపోతే అది సిలికా కాదు, కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే మెత్తటి ఖనిజం) నిండిన కలపో రెసినో అయివుంటుంది.

బుక్ ఎండ్స్ మీకు ఏ బెంగా లేకుండా పనికొచ్చే వస్తువు. 12, 15, 7 సెంటీమీటర్ల ముక్క 3 కిలోల పైచిలుకు తూగుతుంది, మామూలు పుస్తకాల వరసని ఆపడానికి చాలు. చూడాల్సింది ఒకటే, పుస్తకానికి ఆనే ముఖానికీ అడుగుకీ మధ్య లంబకోణం ఉందా అని. చాలా జతల్లో ఉండదు, పుస్తకాలు వంకరగా నిలబడతాయి. అడుగున కార్క్ లేకపోతే మీరే అంటించండి.

గోడ పలక గురించి మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం ఉన్న పలక 3.7 కిలోలు. గోడ మోయలేనిదేం కాదు, కానీ వెనక జిగురుతో అంటించిన కొక్కెం మీద నాకు నమ్మకం లేదు. పైగా కనిపించని పగులు ఒకటుంటే పలకే రెండవుతుంది. తగిలించి తీరాలంటే కింద బరువు ఆనడానికి చిన్న లోహపు అంచు, పైన జారకుండా రెండు పట్టీలు ఉండాలి. మంచం తలవైపు, సోఫా పైన వద్దే వద్దు. నన్నడిగితే దాన్ని స్టాండ్ మీద నిలబెట్టి, వెనక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టండి. అగేట్‌గా మారిన పలక 8 మిల్లీమీటర్ల లోపు మందం ఉంటే వెలుతురు లోపలినుంచి తేనెరంగులో వస్తుంది. ఇనుము దట్టంగా ఉన్నవాటిలోంచి రాదు. కొనేముందే మొబైల్ టార్చి వెనక పెట్టి చూసుకోండి. వేడెక్కే పాతరకం బల్బులు వద్దు.

వేడి మాటెత్తాం కాబట్టి, స్టూల్ మీద టీ కప్పు పెట్టొచ్చా? రాయికి ఏమీ కాదు. రెసిన్ నింపిన చోట మాత్రం కొన్నిరకాల ఎపాక్సీలు 60 డిగ్రీలకే మెత్తబడతాయి, అక్కడ కప్పు గుండ్రటి మచ్చ పడుతుంది. కింద ఏదైనా వేసుకోండి. కొవ్వొత్తిని నేరుగా రాయి మీద వెలిగించకండి, ఒకేచోట వేడెక్కితే పలుగురాయి చిట్లుతుంది. ఓపల్‌గా మారిన కలపలో కొంత నీరు ఇమిడి ఉంటుంది, అది ఆరితే సాలెగూడు లాంటి సన్న పగుళ్ళు వస్తాయి. అలాంటి ముక్కలకి ఎండ, వేడి రెండూ దూరం.

రోజువారీ జాగ్రత్తలంటే పెద్దగా ఏమీ లేవు. పొడిగుడ్డ, ఎప్పుడైనా ఒక చుక్క గాఢత లేని సబ్బు కలిపిన నీళ్ళతో తడిగుడ్డ. నిమ్మ, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచ్ ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. సిలికాకి వీటితో ఏమీ కాదు, కానీ మధ్యలో కాల్సైట్ నరాలుంటే యాసిడ్లు పొంగి వాటిని తినేస్తాయి, ఇనుపరంగు చెదురుతుంది. బెరడు వైపుకి నూనె రాస్తే నాలుగు రోజులు ముదురు రంగులో నిగనిగలాడుతుంది, ఆ తర్వాత దుమ్మంతా దానికే. కొత్త ముక్క మీద నూనెవాసన వస్తే భయపడకండి, కోసేటప్పుడు రంపం చల్లబడటానికి వాడే నూనె అది, కొన్ని రోజులకి పోతుంది. కానీ గంధకం వాసన వస్తూ తెల్లటి పొడి రాలుతుంటే అందులో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్నట్టు. తేమకి అది లోపలినుంచి కుళ్ళుతుంది, వెనక్కి ఇచ్చేయండి.

మెరుపు విషయం. అసలైన పాలిష్ వజ్రపు పొడి అంటిన ప్యాడ్లతో 50 నంబరు నుంచి 3000 దాకా ఎక్కుతూ, చివర్లో సీరియం ఆక్సైడ్ లాంటి పొడితో వస్తుంది. ఆ మెరుపు రాయిదే, ఏళ్ళు గడిచినా తగ్గదు. దొడ్డిదారి ఏమిటంటే మధ్యలోనే ఆపి పైన లక్క కొట్టడం. బల్బు ప్రతిబింబాన్ని రాయి మీద చూడండి. అంచు స్పష్టంగా ఉంటే పాలిష్. నారింజ తొక్కలా గతుకులుగా కనిపించి, చిన్న గుంటల్లో మెరుపు నిండిపోయి ఉంటే లక్క. అది గీసుకుపోతుంది, పొరలుగా లేస్తుంది.

మీరు మధ్యలో ఒక మాట రాశారు, స్టూల్ ఎత్తు ఎక్కువైతే ఇంట్లోనే గ్రైండర్‌తో కోసుకోవచ్చా అని. దయచేసి వద్దు. పొడిగా కోస్తే లేచేది సన్నటి సిలికా ధూళి, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. మేం నీటి ధార కిందే కోస్తాం, అప్పుడు కూడా మాస్కు తీయం. దీపం తీగ కోసం రంధ్రం కావాలన్నా నీళ్ళతో నడిచే డైమండ్ బిట్ ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

ఎక్కడినుంచి తీశారో అడగడం కూడా మర్చిపోకండి. అరిజోనా శిలాజ అడవిని 1906లో థియోడర్ రూజ్‌వెల్ట్ జాతీయ స్మారకంగా ప్రకటించాడు, 1962లో జాతీయ పార్కు అయింది. అక్కడినుంచి గులకరాయంత ముక్క తీసినా నేరం. తీసుకెళ్ళినవాళ్ళు తర్వాత పశ్చాత్తాపపడి ఉత్తరాలు రాసి మరీ తిప్పి పంపిన ముక్కలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. ఏ ముక్క ఎక్కడిదో తెలియకుండా పోయింది కాబట్టి వాటిని తిరిగి యథాస్థానంలో పెట్టనూ లేరు. మార్కెట్లో న్యాయంగా దొరికే అరిజోనా కలప పార్కు బయటి ప్రైవేటు భూముల్లోది. అమెరికాలో కొన్ని ప్రభుత్వ భూముల్లో సొంతానికి రోజుకి 25 పౌండ్లు (దాదాపు 11 కిలోలు), ఏడాదికి 250 పౌండ్ల దాకా ఏరుకోనిస్తారు, కానీ అమ్మకూడదు. అర్జెంటీనాలో శిలాజాలు దేశపు ఆస్తి, బయటికి పంపడం చట్టవిరుద్ధం. గ్రీసులోని లెస్బోస్, మన తమిళనాడులోని తిరువక్కరై లాంటివీ రక్షిత స్థలాలే. ఇండోనేషియా, మడగాస్కర్ సరుకైతే ఎగుమతి కాగితాలు చూపించమనండి. కాగితం అడగగానే మాట మార్చేవాళ్ళ దగ్గర ఎంత మంచి ముక్క ఉన్నా నేను కొనను.

ఇక మీ రెండు స్టూళ్ళు. అంత సైజులో ఒక్క గీత కూడా లేని నలుపూ తెలుపూ ముక్క ఉండకూడదని కాదు. ఉంటే దాని ధర రెండోదానితో సమానంగా ఉండదు. నల్లటి భాగాల్లో నల్ల రెసిన్ దాచడం చాలా తేలిక కూడా. అడుగు ఫొటో, పక్కనుంచి టార్చి వేసిన వీడియో అడగండి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి. నేనైతే గోధుమరంగుదే తీసుకుంటాను. దాని పగులు కనిపిస్తోంది, అంటే దాచలేదు. ఒక్క పరీక్ష చాలు. పగులుకి రెండు వైపులా చేతి కణుపుతోనో చెక్క సుత్తితో మెల్లగానో తట్టించి వినండి. రెండు పక్కలా ఒకేలా ఖంగుమంటే పగులు పైపైదే. ఒకవైపు బొంగురుగా మోగితే అది లోతుగా దిగింది. అప్పుడు దాన్ని కూర్చోవడానికి కాక, మొక్కల కుండీ పెట్టుకోవడానికి తీసుకోండి, బేరం కూడా గట్టిగా ఆడండి.